భాయ్, ఓ గజల్

పాట ఎవరిది? రాసినవాడిదా, వరస కట్టినవాడిదా, పాడినవాడిదా, వినేవాడిదా? ఈ ప్రశ్న మాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు. 2019 నవంబరులో జపాను దేశంలో, కోబె అనే ఓడరేవు పట్నంలో, సన్నోమియా రైల్వే స్టేషను దగ్గర ఒక మేడ మీద, మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకు గదిలో తగిలింది. కరావోకే పాడుకోవడానికని గంటల లెక్కన అద్దెకిచ్చే గది అది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ వ్యాసంలో మేము అంటే ఇద్దరం. చిలకలూరిపేటలో ఒకే వీధిలో పుట్టి ఒకే బడిలో చదివినవాళ్ళం. మాలో ఒకరి ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. ఇంకొకరి ఇంట్లో మూడు తరాలుగా తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, వాళ్ళ అమ్మ దువా కూడా తెలుగులోనే చేస్తుంది. ఎవరు ఎవరన్నది ఇక్కడ చెప్పం. బయట మమ్మల్ని చూసేవాళ్ళకి ఆ తేడా ఎన్నడూ అవసరం పడలేదు. ఇద్దరం సాయిబులమే.

మాతో వచ్చినవాళ్ళు ఇద్దరు. విజయవాడ మిత్రుడు గుంటూరులో డిగ్రీ చదివినప్పటి నుంచీ జంట. నల్గొండ జిల్లా మిత్రుడు హైదరాబాదులో ఉద్యోగాల దగ్గర కలిసినవాడు. పది మాటలు కావలసిన చోట రెండుతో సరిపెడతాడు. ఒసాకాలో ఉద్యోగం చేసే కాకినాడ మిత్రుడు రమ్మని రమ్మని అలిసిపోయాక, పిల్లల ఫీజులూ పెద్దవాళ్ళ ఆపరేషన్లూ ఒక దారికొచ్చాక, నలభై అయిదు దాటిన వయసులో బయల్దేరాం. ఆ రోజు కాకినాడ మిత్రుడి ఆఫీసులో పనిచేసే ఒకాయన కూడా మాతో కలిశారు. జపాను పేరు, ఇస్త్రీ నలగని కోటు, మాటకి ముందు చిన్న నవ్వు. మొత్తం ఆరుగురం.

కోబె వెళ్ళింది నిజానికి పాటలకి కాదు, మసీదు చూడటానికి. జపానులో కట్టిన మొదటి మసీదు అక్కడ ఉంది. 1935లో కట్టారు. ఆ రోజుల్లో కోబెలో వ్యాపారాలు చేసుకునే భారతీయ ముస్లిములు, రష్యా నుంచి వలస వచ్చిన తాతారులు చందాలు వేసుకున్నారు. 1945లో అమెరికా బాంబులకి ఊరు తగలబడినా అది మిగిలింది. 1995 జనవరి 17 నాటి భూకంపం ఆరువేల మందికి పైగా పొట్టన పెట్టుకున్నప్పుడూ నిలిచింది. శుక్రవారం చూసుకుని వెళ్ళాం. జుమ్మా నమాజులో మా పక్కన ఇండోనేషియా కుర్రాడొకడు, అటుపక్క ఎవరో పాకిస్తానీ పెద్దాయన. మా మిత్రులు బయట గోడ నీడన నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

బయటికొచ్చాక కాకినాడ మిత్రుడు అన్నాడు, కరావోకే పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, ఇక్కడికి పావుగంట నడక, రాత్రికి పోదామా అని. మధ్యాహ్నం సజ్దా చేసిన మనుషులు రాత్రి పాటల గదికి వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళు మా వీధిలో ఉన్నారు. వాళ్ళకి సమాధానం చెప్పే చదువు మాకు లేదు. సంగీతం విషయంలో పెద్దపెద్ద ఉలమాలే వెయ్యేళ్ళుగా ఒక మాట మీద లేరు. పాట మనసులో లేనిదాన్ని తెచ్చి పెట్టదు, ఉన్నదాన్నే కదిలిస్తుందని తొమ్మిది వందల ఏళ్ళ కిందటే గజాలీ రాశాడని మాత్రం విన్నాం. ఆ రాత్రి మా మనసులో ఏముందో కదిలాక గానీ మాకూ తెలియలేదు.

ఆ గదులు ఎట్లా ఉంటాయో చెప్పాలి. లోపల మెత్తటి సోఫాలు, పెద్ద టీవీ, రెండు మైకులు, ఒక టాంబొరిన్. గోడకి ఫోను. తలుపుకి చిన్న అద్దం, లోపలి చప్పుడు బయటికి పోదు. మనిషికి అరగంటకి ఇంతని లెక్క, తాగడానికి ఏదో ఒకటి తీసుకోవాలి. మేము చక్కెర లేని ఊలాంగ్ టీ తీసుకున్నాం. పలక లాంటి యంత్రం మీద పాట ఎంచుకుంటే టీవీలో వాద్యాలు మొదలవుతాయి. కింద అక్షరాలు వస్తాయి, ఎక్కడ పాడాలో అక్కడ రంగు మారుతూ పోతుంది. వెనక బొమ్మకీ పాటకీ సంబంధం ఉండదు. విరహమైనా వీడ్కోలైనా ఎవరో ఒకమ్మాయి సముద్రపు ఒడ్డున నడుస్తూ ఉంటుంది. గొంతు అందకపోతే శ్రుతి దించుకోవచ్చు. పాట అయ్యాక యంత్రం మార్కులు వేస్తుంది, నూటికి ఇన్ని అని, చుక్క తర్వాత మూడంకెలతో సహా. ఈ చుక్క తర్వాతి అంకెలు చూసి విజయవాడ మిత్రుడు, మా ఎంసెట్ ర్యాంకులకి కూడా ఇంత సూక్ష్మం లేదన్నాడు.

కరావోకే అన్న మాటకి అర్థం ఖాళీ ఆర్కెస్ట్రా. కర అంటే ఖాళీ, ఓకే అంటే ఆర్కెస్ట్రా అనే ఇంగ్లీషు మాటకి జపాను వాళ్ళ పొట్టిపేరు. వాద్యాలన్నీ ఉంటాయి, పాడేవాడి చోటు ఒక్కటే ఖాళీగా ఉంటుంది. దీన్ని కనిపెట్టిందెవరన్న దగ్గర కూడా పేచీ ఉంది. 1967లో టోక్యోలో నెగిషి షిగేఇచి అనే ఆయన, తన పాటని తోటివాళ్ళు వెక్కిరించారని, వాద్యాలతో కలిపి పాడుకునే పెట్టె ఒకటి చేయించాడు. ఆయన నూరేళ్ళు బతికి 2024 జనవరిలో పోయాడు. ఫిలిప్పీన్స్‌కి చెందిన రోబెర్టో దెల్ రొసారియో ఇట్లాంటి యంత్రానికే పేటెంటు తీసుకుని, 1996లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచాడు. లోకం ఎక్కువగా చెప్పుకునేది మాత్రం కోబె బార్లలో వాద్యం వాయించి బతికిన ఇనౌఎ దైసుకె పేరు. ఆయన వాయిద్యం ఉంటేనే పాడగలిగే ఒక కంపెనీ యజమాని, వేడినీటి ఊటల ఊరికి విహారం వెళుతూ తోడు రమ్మన్నాడట. ఈయనకి కుదరలేదు. తన బదులు టేపు రికార్డు చేసి పంపాడు. అక్కణ్ణుంచి ఆలోచన పుట్టి, 1971లో పదకొండు యంత్రాలు చేయించి బార్లకి అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు.

ఈ కథ మాకు నచ్చిన కారణం వేరే ఉంది. మాలో ఒకరి అబ్బా బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు ఎవరిదైనా ముందు నడిచే బ్యాండు సాయిబులదే. కొత్త సినిమా వచ్చిన వారానికే పాటలన్నీ ఆయన వేళ్ళ మీద ఉండేవి. పెళ్ళివాళ్ళు ఎగిరేవాళ్ళు, పాడేవాళ్ళు, నోట్లు విసిరేవాళ్ళు. మేళం వాళ్ళు ఆఖరి బంతికి తినేవాళ్ళు. కాబట్టి ఖాళీ ఆర్కెస్ట్రా అనగానే మాకు ఖాళీగా అనిపించలేదు. ఆ టీవీ వెనక కూడా ఎవడో క్లారినెట్ వాయించినవాడు ఉండే ఉంటాడు. పాడేవాడి కోసం చోటు వదలడమే వాళ్ళ వృత్తి.

ముందు అందరం కలిసి ఒక జపాను పాట పాడాం. సకమొతొ క్యూ 1961లో పాడినది, కన్నీళ్ళు కింద పడకుండా తల పైకెత్తి నడుస్తానని చెప్పే పాట. కాకినాడ మిత్రుడు తెలుగు లిపిలో రాసిచ్చాడు. దానికి 1963లో అమెరికాలో మొదటి స్థానం వచ్చింది, కానీ అసలు పేరుతో కాదు. తెల్లవాళ్ళకి నోరు తిరగదని సుకియాకి అని పేరు పెట్టారు. సుకియాకి అంటే మాంసం కూర. ఆ పాటలో మాంసమూ లేదు, కూరా లేదు. ఇది చెప్పి కాకినాడ మిత్రుడు నవ్వాడు. మేమూ నవ్వాం. మాలో ఒకరు హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఫోనులో పేరు సగమే చెప్పేవారు. ఇంటివాళ్ళు "రండి, చూసుకోండి" అనేవరకూ సగం పేరు, అడ్వాన్సు ఇచ్చేటప్పుడు పూర్తి పేరు, అప్పుడు గది ఖాళీ లేదనే జవాబు. పాటకైనా మనిషికైనా గుమ్మం దాటాలంటే ఒక్కోసారి ఇంకో పేరు కావాలి.

తర్వాత వంతులు మొదలయ్యాయి. ఆ యంత్రంలో మాకు తెలుగు పాటలు దొరకలేదు. సెల్‌ఫోనులో ట్రాకు పెట్టి మైకు దగ్గర ఉంచి నడిపించాం. విజయవాడ మిత్రుడు ఘంటసాలని ఎత్తుకున్నాడు. కాకినాడ మిత్రుడు బాలసుబ్రహ్మణ్యాన్ని. నల్గొండ మిత్రుడు పాడనన్నాడు, టాంబొరిన్ మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రతి పాటకీ ఒకటే దెబ్బ, డప్పు మీద వేసినట్టు. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు విజయవాడ మిత్రుడు మైకు మా వైపు చాచాడు. "భాయ్, ఇప్పుడు మీరు. ఓ గజల్."

ఈ మిత్రుడి గురించి చెడ్డగా చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. మాలో ఒకరి అమ్మకి రక్తం కావలసి వస్తే అర్ధరాత్రి బస్సెక్కి వచ్చినవాడు. ఆ గదిలో అతనికి కాకినాడ మిత్రుడు "బావా", నల్గొండ మిత్రుడు "అన్నా". మేమిద్దరం "భాయ్". ఇరవై అయిదేళ్ళుగా అంతే. పిలుపులో ప్రేమ ఉంది, కాదనం. కానీ బావా అంటే వరస కలిపినట్టు, భాయ్ అంటే వరస గుర్తుంచుకున్నట్టు. ప్రేమగా కట్టినా చీటీ చీటీయే.

గజల్ మాకు రాదు. మాలో ఉర్దూ వచ్చినవారికి వచ్చింది ఇంట్లో అమ్మీతో మాట్లాడుకునే ఉర్దూ, షేర్లు అల్లే ఉర్దూ కాదు. రెండోవారికి అదీ లేదు. మాకు వచ్చినవి ఘంటసాల పాటలే, ఊరి టూరింగ్ టాకీసులో టిక్కెట్లు మొదలయ్యే ముందు వేసే రికార్డుల పాటలే. అవి పాడితే సరిపోయేది కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు.

మేము గజల్ పాడితే, చూశారా, రక్తంలో ఉంటుంది అంటారు. ఘంటసాలని పాడితే, చూశారా, ముస్లిములయినా ఎంత చక్కటి తెలుగు అంటారు. ఆ "అయినా" అనే మాట మీద మా జీవితాలు నడిచిపోయాయి. భక్తి పాట పాడామా, మతసామరస్యానికి ఉదాహరణ అయిపోతాం, ఎవరో ఒకరు సెల్‌ఫోను తీస్తారు. ఏమీ పాడం అన్నామా, మధ్యాహ్నం మసీదుకి వెళ్ళొచ్చారుగా అన్న చూపు. మిగతావాళ్ళు పాడితే పాట. మేము పాడితే ప్రకటన. ఖాళీ ఆర్కెస్ట్రా అందరికీ ఖాళీయే అంటారు గానీ, మా చోటు మేము వెళ్ళేసరికే నిండి ఉంటుంది.

ఇట్లాంటప్పుడు మా వాళ్ళు మహమ్మద్ రఫీని ముందుకి తోస్తారు. తెలుగు రాని రఫీ 1969లో భలే తమ్ముడు సినిమాలో రామారావుకి పాడలేదా అంటారు. షేక్ చిన మౌలానాని తోస్తారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంలో 1998లో సంగీత కళానిధి దాకా వెళ్ళిన మనిషి. మాకు ఆయనంటే గర్వం. కానీ ఆలోచిస్తే సిగ్గుగా ఉంటుంది. ఆయన అన్నేళ్ళు ఊపిరి బిగబట్టి త్యాగరాజ కృతులు వాయించింది వాటి మీద ప్రేమతోనా, లేక క్రికెట్ మ్యాచి మర్నాడు మేము ఆఫీసులో చూపించుకోవడానికి సర్టిఫికెట్టుగానా? ఆయన సన్నాయిని మేము రేషను కార్డులా వాడుతున్నాం. ఇది ఎవరో మాకు చేసిన అన్యాయం కాదు, మేము ఆయనకి చేస్తున్నది.

ఇవన్నీ ఆ గదిలో మాటలుగా తోచలేదు. "గొంతు బాగాలేదు" అన్నాం. ఇద్దరికీ ఒకేసారి గొంతు బాగాలేకపోవడం ఎవరు నమ్ముతారు? విజయవాడ మిత్రుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. టీవీలో అమ్మాయి సముద్రపు ఒడ్డున నడుస్తూనే ఉంది.

ఆ ఇబ్బందిలోంచి బయటపడటానికి మేము కాకినాడ మిత్రుడి సహోద్యోగి వైపు తిరిగాం. "మీరు పాడండి, అసలు సిసలు జపాను పాట" అన్నాం. ఆయన తల వంచి, నవ్వి, ఒక ఎంకా పాట పెట్టుకున్నారు. ఎంకా అనగానే విజయవాడ మిత్రుడు "ఎంకి పాటలా?" అన్నాడు, అందరం నవ్వి తేలికపడ్డాం. ఎంకా అంటే జపాను వాళ్ళు తమ గుండె చప్పుడు అని చెప్పుకునే పాటలు. వదిలొచ్చిన ఊరు, మంచు, ఓడరేవు, ఎదురుచూసే ఆడమనిషి. గొంతులో చిన్న విరుపులు ఉంటాయి, మన జానపదుల గమకాల్లాంటివి. కోటు గుండీలు విప్పకుండానే పాడారాయన. యంత్రం తొంభై దాటించి మార్కులు వేసింది. మేము లేచి చప్పట్లు కొట్టాం. జపాను ఆత్మ అంటే ఇదీ అని కూడా అన్నట్టు గుర్తు.

ఆయన కూచుని, గ్లాసు తుడుచుకుని, కాకినాడ మిత్రుడితో నెమ్మదిగా ఏదో చెప్పారు. మిత్రుడి మొహం మారింది. నాలుగేళ్ళుగా పక్క బల్ల మీద పనిచేస్తున్నా అతనికీ తెలియదట. ఆయన తాత కొరియా నుంచి వచ్చినవాడు. ఈ కోబెలోనే నగతా అనే పేటలో రబ్బరు చెప్పుల పనిలో బతికారు. 1995 భూకంపంలో ఆ పేట కాలిపోయింది. ఇంట్లో ఆయనకి ఇంకో పేరుంది. మేం పిలుస్తున్నది బయటి పేరు. "మా నాన్న ఆఫీసు విందుల్లో ఇదే పాట పాడేవాడు. బాగా పాడితే ఎవరూ ఏమీ అడగరు అనేవాడు" అన్నారట.

కొరియా 1910 నుంచి 1945 దాకా జపాను చేతి కింద ఉంది. 1940లో అక్కడి మనుషుల చేత జపాను పేర్లు పెట్టించే చట్టం అమల్లోకొచ్చింది. పనులకి వచ్చినవాళ్ళు, తెచ్చినవాళ్ళు లక్షల్లో జపానులోనే మిగిలిపోయారు. 1952లో ఒక్క రోజుతో వాళ్ళ జపాను పౌరసత్వం పోయింది. అక్కడే పుట్టిన పిల్లలు కూడా పరాయివాళ్ళయ్యారు. ఈనాటికీ చాలామందికి రెండు పేర్లు, గడప లోపల ఒకటి, బయట ఒకటి. ఇక ఆయన పాడిన ఎంకా సంగతి. ఆ తరహా బాణీలకి పెద్దదిక్కు అనదగ్గ కోగా మసావో (1904–1978) జపానులోనే పుట్టినా, చిన్నతనంలోనే కొరియా వెళ్ళి, సియోల్‌లో చదువు ముగిసేదాకా అక్కడే పెరిగాడు. ఆయన వరసల్లో కొరియా గాలి ఉందా లేదా అని వాదించుకున్నవాళ్ళు ఉన్నారు. అసలు సిసలు అని మేము అడిగినదానికి ఇదీ చరిత్ర.

మీరు గమనించే ఉంటారు. పది నిమిషాల ముందు మాకు ఏది ముల్లులా గుచ్చుకుందో, సరిగ్గా అదే మేము ఆయన చేతిలో పెట్టాం. ఓ గజల్ అన్నవాడికీ, అసలు సిసలు జపాను పాట అన్నవాళ్ళకీ తేడా ఏమిటి? ఆయన నవ్వి పాడారు, మేము మొహం ముడుచుకున్నాం, అంతే తేడా. మైనారిటీగా పుట్టినంత మాత్రాన ఎదుటివాణ్ణి చూసే కన్ను దానంతట అదే తెరుచుకోదు. ఇది మేము ఒప్పుకోవలసిన మాట.

కొరియా పాటలు పాడతారా అని అడిగాం. పాడతానన్నారు. ఒక్కడే వచ్చి, ఒక్కడికే గది తీసుకుని. జపానులో అట్లా ఒంటరిగా పాడుకోవడానికి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, దానికో పేరు కూడా ఉంది. తలుపు మూస్తే చప్పుడు బయటికి రాదు.

ఇనౌఎ దైసుకెకి 2004లో అమెరికాలో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పనులకి ఇచ్చే వేళాకోళపు బహుమతి. మనుషులు ఒకరినొకరు సహించడం నేర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకని అందులో రాశారు. మంచి హాస్యమే. రాగం తప్పినవాడి పాటని చివరిదాకా వినడం శాంతి పాఠమే. కానీ సహనం అన్న మాట మాకు బాగా అలవాటైన మాట. పరమత సహనం అని ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం నుంచి శాంతి కమిటీ మీటింగుల దాకా విన్నాం. దేన్ని సహిస్తారు ఎవరైనా? పంటినొప్పిని, ఎండని, పక్కవీధి మైకుని. కరావోకే గదిలో గమనించండి. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూనే, కళ్ళు మాత్రం పలక మీద తమ తర్వాతి పాట వెతుకుతూ ఉంటాయి. అది సహనం. మర్యాదే, దాన్ని తీసిపారెయ్యం. అదీ లేని చోట్లు చూశాం. అయితే ఆ కోటు ఆయనకి నాలుగేళ్ళు ఆఫీసులో దొరికింది అదే. చప్పట్లు కొట్టారు, ఎవరూ వినలేదు.

మరి వినడం అంటే ఏమిటి? ఆ రాత్రి అది మాకు ఎదురుచూడని వైపు నుంచి వచ్చింది.

కాసేపటికి నల్గొండ మిత్రుడు గొంతు సవరించుకున్నాడు. "నాకు ఒక్కటే పాటొస్తది. దానికి మ్యూజిక్కు దొరకది" అన్నాడు. టీవీ శబ్దం తగ్గించాం. టాంబొరిన్ మీద, సాయంత్రం నుంచీ వేస్తున్న అదే దెబ్బ వేస్తూ ఎత్తుకున్నాడు. పీరీల పండుగ పాట. తెలుగులో. గుండంలో నిప్పులు రగిల్చి, చుట్టూ అసైదులా ఆడుతూ పాడేది. నీళ్ళు దొరకని పిల్లల గురించి, యుద్ధానికి పోయి తిరిగిరాని పెళ్ళికొడుకు గురించి. కర్బలా ఇరాకులో కాక వాళ్ళ పక్క ఊళ్ళో ఉన్నట్టు పాడాడు. ఎప్పుడూ పైకి మాట్లాడని మనిషి గొంతు ఆ గది గోడల మధ్య పట్టలేదు.

రెండు చరణాలయ్యాక ఆగి మా వైపు చూశాడు. "ఇంక మీరందుకోండ్రి. నాకు ముందుకు యాదికొస్తలేదు."

మాకు రాదు. ఆ సంగతి చెప్పడానికి గజల్ రాదని చెప్పడం కంటే ఎక్కువసేపు పట్టింది.

"గిదేంది భాయ్? మా ఊళ్ళె చిన్న పోరగాండ్లకు గూడ వస్తది. మీ పాటే గద." అతని ఊళ్ళో సాయిబుల ఇళ్ళు మూడే. ముజావరు పీర్లు ఎత్తితే మోసేదీ, డప్పు కొట్టేదీ, గుండం తవ్వేదీ అంతా మిగతా ఊరే. అతను పుట్టక ముందు వాళ్ళమ్మ పీర్లకి దట్టీ మొక్కుకుందట. మలీదా ముద్దల రుచి చెప్పాడు, ఊదు పొగలో కళ్ళు మండడం చెప్పాడు. రెండు మాటల మనిషి ఆపకుండా చెప్పాడు.

మాలో ఒకరి తాత పీర్ల చావిడి చూసుకున్నవాడే. మా చిన్నప్పుడు బయటి ఊళ్ళ నుంచి పెద్దమనుషులు వచ్చారు, ఇది దీన్‌లో లేదు, అల్లాకి సాటి కల్పించడం అన్నారు. వాళ్ళ మాటలో పసలేదని మేము అనం. నమాజు చదివేవాళ్ళం, ఆ వాదం మాకు అర్థమవుతుంది. తాత వాదించలేదు. పీర్లని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత ముహర్రం నెలలో మా వీధిలో డప్పు మోగలేదు. శుద్ధి అయ్యాం అనుకున్నాం. ఏది వదిలామో లెక్క రాసుకోలేదు. ఆ పాట ఈలోగా నల్గొండ జిల్లాలో ఒక రైతు ఇంటి కుర్రాడి దగ్గర ఉండిపోయింది, మేము వచ్చి అడుగుతామని కాదు, అతనికి ఇష్టమై.

ఇప్పుడు చెప్పండి, ఆ పాట ఎవరిది? అతను మాదన్నాడు. మాకు రాదు. అతనికి వచ్చు, కానీ మేము అందుకుంటే తప్ప ముందుకి పోదన్నట్టు చూస్తున్నాడు. గజల్ అడిగినప్పుడు మాకు కోపం వచ్చింది, మాది కానిదాన్ని మా నెత్తిన పెట్టారని. ఇది అడిగినప్పుడు కోపం రాలేదు. మాదే అయిందాన్ని, ఉండవలసిన చోట వెతికితే అది లేదు. ఇందులో అతని తప్పు ఏమీ లేదు. తాత తప్పూ లేదు. ఎవరినీ నిందించలేని ఖాళీ ఇంకా ఇబ్బందిగా ఉంటుంది.

ఒకటి మాత్రం చూశాం. అతను పాడుతున్నంతసేపూ ఎవరూ పలక ముట్టుకోలేదు. విజయవాడ మిత్రుడు సెల్‌ఫోను తియ్యలేదు. భాష ముక్క తెలియని ఆ సహోద్యోగి ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మిత్రుడి నోటి వైపే చూస్తున్నారు. అయిపోయాక, ఇది ఏ దేశపు పాట అని ఆయన అడగలేదు. ఆ చనిపోయినవాళ్ళు ఎవరు అని అడిగారు. కాకినాడ మిత్రుడు మా వైపు తిరిగాడు. ఆ ప్రశ్నకి జవాబు మాకు వచ్చు. 680వ సంవత్సరం, యూఫ్రటీసు నది, డెబ్భై మంది చిల్లర మనుషులు, దాహం. మేము తెలుగులో చెప్పాం, అతను జపానులో చెప్పాడు, కోటు ఆయన విన్నారు. విజయవాడ మిత్రుడు కూడా విన్నాడు. ఇరవై అయిదేళ్ళ స్నేహంలో ఇది మేము అతనికి చెప్పలేదని, అతను అడగలేదని అప్పుడు తెలిసింది.

గోడ మీద ఫోను మోగింది. పది నిమిషాల్లో గది ఖాళీ చెయ్యాలట. ఇంకో అరగంట పెంచమందామా అని కాకినాడ మిత్రుడు రిసీవరు చేత్తో మూసి అడిగాడు. పెంచమన్నాం. విజయవాడ మిత్రుడు టీవీ పూర్తిగా ఆపేశాడు. నల్గొండ మిత్రుడు మూడో చరణం కోసం కళ్ళు మూసుకుని తంటాలు పడుతున్నాడు. అది తర్వాత చూద్దాం, మొదటి చరణం మళ్ళీ అను, ఒక్కొక్క మాట విడదీసి అను, అన్నాం. మాలో ఒకరు బిల్లు కాగితం వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీశారు.